అధికారి తప్పుకు అధికారే కట్టాల్సి వచ్చేది ఎప్పుడు?

క్లుప్తంగా: ప్రాథమిక హక్కు ఉల్లంఘనకు మన కోర్టులు ఇప్పించే పరిహారం చాలావరకు ప్రభుత్వ ఖజానా నుంచే వస్తుంది. అధికారి మీద పేరు పెట్టి దావా వేయడానికి చట్టం అడ్డు చెప్పదు. అయితే ఆయన దురుద్దేశంతో చేశాడనో, చట్టవిరుద్ధమని తెలిసీ చేశాడనో, ఆ పనికీ ఉద్యోగ విధికీ సంబంధమే లేదనో రుజువు చేయాలి. 2024 నవంబరులో కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ గీతను కొంత జరిపింది. ప్రభుత్వం కట్టిన సొమ్మును తప్పు చేసిన అధికారి దగ్గర రాబట్టే ఏర్పాటు మాత్రం ఇప్పటికీ బలహీనంగానే ఉంది.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చే అర్జీల్లో భూమి తగాదాలు, పింఛన్లతో పాటు అధికారుల మీద ఫిర్యాదులూ ఉంటాయి. నోటీసు ఇవ్వకుండా గోడ పడగొట్టారని కొందరు, కేసు రాయకుండా రెండు రాత్రులు స్టేషన్లో కూర్చోబెట్టారని కొందరు రాసుకొస్తారు. అన్నిటి వెనకా ఒకటే ప్రశ్న: తప్పు చేసింది ఫలానా తహసీల్దారో, ఫలానా ఎస్సైయో అయినప్పుడు నష్టం ఆయన చేతే కట్టించలేమా?

ఒక ఉదాహరణ అనుకుందాం. బొబ్బిలి దగ్గరి ఒక ఊళ్లో పట్టా స్థలంలో ఉన్న ఇంటిని కాలువ పోరంబోకు అంటూ తెల్లవారుజామున పొక్లెయిన్‌తో కూల్చేశారు. సర్వే లేదు, నోటీసు లేదు, పంచనామా లేదు. ఇంటి యజమాని ముందు నాలుగు దారులుంటాయి. రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్య మీద నేరుగా హైకోర్టుకు పెట్టుకునే పిటిషన్, వేయవచ్చు. జిల్లాలోని సివిల్ కోర్టులో నష్టపరిహారం కోసం దావా వేయవచ్చు. క్రిమినల్ ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికే కోర్టు స్టే ఉండి, అది తెలిసీ కూల్చి ఉంటే కోర్టు ధిక్కరణ కేసు వేయవచ్చు.

ఒక్కో దారిలో ప్రతివాది వేరు, రుజువు చేయాల్సింది వేరు, డబ్బు వచ్చే చోటు వేరు. వీటిని కలిపేసి చూడటం వల్లే హైకోర్టు పరిహారం ఇవ్వమంది అన్న వార్తను చాలామంది అధికారికి జరిమానా పడింది అని చదువుకుంటున్నారు. రిట్‌లో పరిహారం ఇమ్మన్నారంటే, తీర్పులో వేరుగా చెప్పకపోతే, ఇచ్చేది ప్రభుత్వమే.

ప్రభుత్వమే ఎందుకు కడుతోంది

మొదట్లో ఇలా లేదు. 1947లో ఒక బంగారం వ్యాపారి అమృత్‌సర్ నుంచి మీరట్ వచ్చాడు. పోలీసులు ఆయన్ను పట్టుకుని బంగారం, వెండి స్వాధీనం చేసుకున్నారు. ఆ బంగారాన్ని మాల్‌ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న సొత్తు దాచే గదిలో, పెట్టాల్సిన హెడ్ కానిస్టేబుల్ దాన్ని కాజేసి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. కస్తూరిలాల్ కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1964లో తీర్పు చెబుతూ, అరెస్టు చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం సార్వభౌమాధికార పనులు, అంటే రాజ్యం మాత్రమే చేయగల పనులు, కాబట్టి ప్రభుత్వం బాధ్యత వహించదని తేల్చింది. వ్యాపారికి మిగిలిన దారి హెడ్ కానిస్టేబుల్ మీద దావా వేయడం. మనిషే దేశంలో లేడు.

వ్యక్తిగత బాధ్యత ఒక్కదాన్నే నమ్ముకుంటే బాధితుడి చేతికి ఏం దక్కుతుందో ఈ కేసు చెబుతుంది. అధికారి పారిపోవచ్చు, చనిపోవచ్చు, ఆస్తి లేనివాడు కావచ్చు. ప్రభుత్వం ఎక్కడికీ పోదు. తర్వాతి దశాబ్దాల్లో కోర్టులు ప్రభుత్వాన్ని బాధ్యతలోకి లాగడానికి ఇదే బలమైన కారణం.

ఆ మార్పులో తెలుగు నేల కేసులు రెండున్నాయి. ఎరువులు, ధాన్యం వ్యాపారి ఒకరి సరుకును 1975లో నిత్యావసర వస్తువుల చట్టం కింద స్వాధీనం చేసుకున్నారు. తిరిగి ఇచ్చేయాలని ఉత్తర్వు వచ్చినా అధికారులు సకాలంలో కదల్లేదు, ఎరువు పాడైపోయింది. ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసులో 1994లో సుప్రీంకోర్టు, అధికారుల నిర్లక్ష్యానికి రాష్ట్రమే బాధ్యత వహించాలని, సార్వభౌమాధికారం పేరుతో తప్పించుకోలేదని చెప్పింది. రెండోది అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుది. 1977 మేలో దుండగులు జైల్లోకి చొరబడి బాంబులు వేశారు, ఖైదీ ఒకరు చనిపోయారు. ముప్పు ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదు. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పిలిచే ఈ వ్యాజ్యంలో 1,44,000 రూపాయల పరిహారాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 21వ అధికరణం ఇచ్చిన ప్రాణ హక్కుకు భంగం కలిగినప్పుడు సార్వభౌమ రక్షణ అన్న వాదన నిలవదని స్పష్టం చేసింది.

సివిల్ దావా అక్కర్లేకుండా రిట్‌లోనే పరిహారం ఇప్పించడం 1983లో మొదలైంది. బిహార్‌లో రుదుల్ సా అనే ఖైదీ 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే ఉండిపోయాడు. సుప్రీంకోర్టు ఆయనకు 35,000 రూపాయలు ఇప్పించింది. శ్రీకాకుళానికి పొరుగునే ఉన్న ఒడిశాలో 1987లో పోలీసులు పట్టుకెళ్లిన యువకుడి శవం మరునాడు రైలు పట్టాల మీద దొరికింది. తల్లి నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. 1993 నాటి ఆ తీర్పు లక్షన్నర రూపాయలు ఇప్పించడంతో పాటు ఒక సూత్రం స్థిరపరిచింది: ప్రాథమిక హక్కు ఉల్లంఘనకు ఇచ్చే పరిహారం ప్రజాచట్టం కిందది, రాజ్యం మీద నేరుగా పడే బాధ్యత. సివిల్ దావాలో అడిగే నష్టపరిహారం దానికి అదనం. రిట్‌లో డబ్బు తీసుకున్నవారు దావా కూడా వేయవచ్చు, అక్కడ వచ్చేదాంట్లో ఇక్కడిది సర్దుబాటు చేస్తారు.

అధికారి వంతు వచ్చేది ఎక్కడ

ఇక అసలు ప్రశ్న. 1991లో మహారాష్ట్ర నుంచి వచ్చిన రవికాంత్ పాటిల్ కేసును ముందు చూడాలి. విచారణ ఖైదీని బేడీలు వేసి వీధుల్లో నడిపించారు. హైకోర్టు 10,000 రూపాయలను ఇన్‌స్పెక్టరే సొంతంగా కట్టాలంది. పరిహారం సరైనదేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది, కానీ ఆ ఇన్‌స్పెక్టర్ అధికారిగానే వ్యవహరించాడు కాబట్టి కట్టాల్సింది రాష్ట్రమని మార్చింది. హక్కు ఉల్లంఘన రుజువైనంత మాత్రాన అధికారి జేబు దాకా రాదన్న మాట ఇక్కడ స్థిరపడింది.

మరి వచ్చేది ఎప్పుడు? మొదటిది, చేసిన పనికీ విధికీ ఏ పొంతనా లేనప్పుడు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్ననాటి 1859 జిల్లా పోలీసు చట్టంలో పోలీసులకు రక్షణగా ఒక సెక్షన్ ఉంది. విధి నిర్వహణలో చేసిన పనిమీద మూడు నెలల్లోపే కేసు వేయాలని అది చెబుతుంది. అనుమానితుణ్ని కొట్టిన ఆంధ్ర పోలీసులు ఆ సెక్షన్‌ను అడ్డం పెట్టుకున్నారు. ఎన్. వేణుగోపాల్ కేసులో 1963లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పించడానికి మనిషిని కొట్టడానికీ దర్యాప్తు విధికీ ఏ సంబంధమూ లేదని, కాబట్టి ఆ రక్షణ వర్తించదని చెప్పింది. ఉద్యోగంలో ఉండగా చేశాడు అన్నది వేరు, ఉద్యోగ విధిగా చేశాడు అన్నది వేరు. అరవయ్యేళ్ల తర్వాత కూడా లాయర్లు ఈ గీత చుట్టూనే వాదిస్తున్నారు.

రెండోది, అధికారం లేదని తెలిసీ, దురుద్దేశంతో చేసినప్పుడు. అస్సాంలో ఒక సబ్ డివిజనల్ ఆఫీసర్ ఆధారం లేకుండా ఒక వ్యక్తిని అరెస్టు చేయించాడు. తాను మేజిస్ట్రేటును కూడా కాబట్టి న్యాయాధికారులకు 1850 చట్టం ఇచ్చే రక్షణ తనకూ ఉందని వాదించాడు. 1965లో సుప్రీంకోర్టు ఆయన ఇచ్చింది కార్యనిర్వాహక హోదాలో ఇచ్చిన ఉత్తర్వే తప్ప న్యాయాధికారిగా ఇచ్చింది కాదని చెప్పి, నష్టపరిహారం కట్టాలని ఆయన మీద ఉన్న డిక్రీని నిలబెట్టింది. మన తహసీల్దార్లు, ఆర్‌డీవోలు కూడా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లే. బైండోవర్ విచారణలో, అంటే శాంతికి భంగం కలిగించనని పూచీ తీసుకునే విచారణలో, రాసిన ఉత్తర్వుకు రక్షణ ఉంటుంది. పొక్లెయిన్ పక్కన నిలబడి కూల్చమని చెప్పిన మాటకు ఆ రక్షణ రాదు.

మూడోది, పదవిని దుర్వినియోగం చేసి మనిషిని వేధించినప్పుడు. 1993 నవంబరులో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు సూటిగా మాట్లాడింది. అధికారి వేధింపుకు ఖజానా నుంచి కడితే చివరికి నష్టపోయేది పన్ను కట్టేవాడే కాబట్టి, ముందు సంస్థ కట్టి, బాధ్యులెవరో తేల్చి వారి దగ్గర వసూలు చేయాలంది. 1996లో ఇంకో అడుగు ముందుకేసి, పెట్రోలు బంకులు ఇష్టానుసారం కేటాయించినందుకు అప్పటి కేంద్ర మంత్రి సతీశ్ శర్మను 50 లక్షల రూపాయలు సొంతంగా కట్టమంది. 1999లో రివ్యూలో అదే కోర్టు ఆ ఉత్తర్వును ఎత్తేసింది. పదవీ దుర్వినియోగం అనే సివిల్ తప్పుకు ఉండాల్సిన దినుసులు అక్కడ లేవని చెప్పింది. భారీ మొత్తాలను వ్యక్తిగతంగా వేసే ఊపు అక్కడితో తగ్గింది.

నాలుగోది, బాధ్యత అధికారిదేనని చట్టమో కోర్టో ముందే రాసిపెట్టినప్పుడు. 2024 నవంబరు 13న కూల్చివేతల మీద జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కేవీ విశ్వనాథన్ ఇచ్చిన తీర్పు ఈ కోవకు చెందుతుంది. 15 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి, కట్టడానికి అంటించాలి, సంజాయిషీ వినాలి, కూల్చివేతను వీడియో తీయాలి. ఇవి పాటించకపోతే ధిక్కరణతో పాటు, కూల్చినదాన్ని అధికారులు తమ సొంత ఖర్చుతో తిరిగి కట్టించాలి, నష్టపరిహారమూ చెల్లించాలి. బొబ్బిలి ఉదాహరణలోని యజమానికి ఈరోజు అన్నిటికన్నా పదునైన ఆయుధం ఇదే.

ఈ తీర్పుకు ఒక పెద్ద మినహాయింపు ఉంది, జనం దాన్ని గమనించడం లేదు. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, చెరువు, నది వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఈ 15 రోజుల నియమం వర్తించదు. కాబట్టి హైవే పక్క టీ బడ్డీ తీసేసినప్పుడు ఈ తీర్పు చూపించి లాభం లేదు. అక్కడ 2014 వీధి వ్యాపారుల చట్టం అడిగే 30 రోజుల నోటీసు గురించి, ప్రభుత్వ భూమైతే 1905 ఆక్రమణల చట్టం కింద సెక్షన్ 7 నోటీసు గురించి అడగాలి.

సద్భావం అనే గోడ

మన చట్టాల్లో చాలావాటి చివర్లో ఒక సెక్షన్ కనిపిస్తుంది: సద్భావంతో చేసిన పనిమీద అధికారిపై దావా గానీ ప్రాసిక్యూషన్ గానీ ఉండదు. వ్యక్తిగత దావాలు నీరుగారేది ఎక్కువగా ఇక్కడే. 1897 జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నిజాయితీగా చేసినది చాలు, నిర్లక్ష్యంగా చేసినా అది సద్భావమే. నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత అంత ఉదారంగా లేదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావం కాదంటుంది. ఒకే పని క్రిమినల్ కోర్టులో సద్భావం కాకపోయి, ఒక రెవెన్యూ చట్టం కింద వేసిన దావాలో సద్భావం కావచ్చు.

సర్వే నంబరు పొరబాటు పడి పక్క ఇల్లు కూల్చిన అధికారి ఈ గోడ వెనక దాక్కోగలడు. ఇది పొరబాటు సార్, ఇదిగో పట్టా అని యజమాని కాగితం చూపించినా, దాన్ని పక్కకు తోసి కూల్చినవాడికి దాక్కోవడం కష్టం. అందుకే పత్రాలు అధికారికి అందాయనడానికి రుజువు, అంటే ఇన్‌వార్డు ముద్ర, రిజిస్టర్డ్ పోస్టు రసీదు, వాట్సాప్ సందేశం, వీడియో, వ్యక్తిగత బాధ్యత కేసుల్లో ప్రాణంతో సమానం. తెలిసీ చేశాడని చూపించే మార్గం అంతకుమించి ఉండదు.

అమెరికాలో తలకిందులు

అంతర్జాలంలో ఈ విషయం వెతికితే ఎక్కువగా కనిపించేది అమెరికా చట్టం. దాన్ని ఇక్కడికి అన్వయించుకుని కొందరు పొరబడుతున్నారు. అక్కడ 1871లో చేసిన చట్టం, ఇప్పుడు సెక్షన్ 1983గా పిలిచేది, రాష్ట్ర, స్థానిక అధికారుల మీద రాజ్యాంగ హక్కుల ఉల్లంఘనకు నేరుగా వ్యక్తిగత దావా వేయనిస్తుంది. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, అధికారుల విషయంలో 1971 నాటి బివెన్స్ తీర్పు అలాంటి దారే తెరిచింది, తర్వాతి తీర్పులు దాన్ని బాగా ఇరుకు చేశాయి. సెక్షన్ 1983 కింద రాష్ట్రం మీద నష్టపరిహారం అడగడం కుదరదు, అందుకే అధికారి పేరు పెట్టడం అక్కడ తప్పనిసరి అవుతుంది. అధికారికి రక్షణగా క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ ఉంది. ఆ పని రాజ్యాంగ విరుద్ధమని అప్పటికే తీర్పుల్లో స్పష్టంగా స్థిరపడి ఉంటే తప్ప దావా నిలవదు.

మన దగ్గర రాజ్యం మీద నేరుగా వెళ్లవచ్చు, అధికారి మీద వెళ్లడం కష్టం. అక్కడ అధికారి మీద వెళ్లాలి, రాష్ట్రం మీద వెళ్లలేరు. అక్కడ కొలత చట్టం ఎంత స్పష్టంగా ఉందన్నది, ఇక్కడ కొలత అధికారి మనసులో ఏముందన్నది. బాధితుడికి డబ్బు త్వరగా అందే విషయంలో మన పద్ధతే మెరుగు. తప్పు చేసినవాడికి ఏమవుతుందన్న విషయంలో కాదు.

దావా వేసేవారు తడబడే చోట్లు

సివిల్ ప్రక్రియా స్మృతి సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వానికైతే కార్యదర్శికి గానీ జిల్లా కలెక్టరుకు గానీ, అధికారికైతే నేరుగా గానీ ఆయన ఆఫీసులో గానీ అందజేయాలి. అందులో వాది పేరు, చిరునామా, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు అన్నవి ఉండాలి. గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలో సాధారణంగా ఇవన్నీ ఉండవు, కాబట్టి దాన్నే నోటీసు అనుకుని కూర్చుంటే కాలం వృథా అవుతుంది. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయవచ్చు.

గడువు ఇంకా ముఖ్యం. అక్రమ నిర్బంధం మీద దావాకు విడుదలైన రోజు నుంచి ఒక్క ఏడాదే గడువు. నోటీసు కాలాన్ని అందులోంచి మినహాయిస్తారు. శాఖాపరమైన విచారణ తేలాక చూద్దామని ఆగినవారు ఈ ఏడాదిని పోగొట్టుకుంటారు. విచారణ నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు.

రిట్‌లో ఇంకో మెలిక ఉంది. పిటిషన్లో తహసీల్దార్, ఫలానా మండలం అని హోదా రాస్తే, ప్రతివాది ఆ కుర్చీ. రేపు బదిలీ మీద వచ్చినవారు జవాబిస్తారు. దురుద్దేశం ఆరోపిస్తే ఆ వ్యక్తిని పేరుతో ప్రతివాదిగా చేర్చి, ఆయన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అలా చేర్చకపోతే కోర్టులు దురుద్దేశం ఆరోపణను పట్టించుకోవు. పైగా జరిగిన విషయాలమీదే వివాదం ఉంటే రిట్‌లో పరిహారం రాదు. ఉల్లంఘన తిరుగులేకుండా కనబడాలని 2006లో సుబే సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లేకపోతే సాక్ష్యం నడిపించడానికి సివిల్ కోర్టుకే వెళ్లాలి.

కోర్టు ఫీజు, లాయరు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజనులకు ఈ సంగతి తెలియడం చాలా అవసరం.

కాల్పులు, అనుమతులు, ధిక్కరణ

2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాల వ్యతిరేక ఆందోళనల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇలాంటి ఘటనల్లో వ్యక్తిగత బాధ్యత అన్ని గోడల్నీ ఒకేసారి ఢీకొంటుంది. గుంపును చెదరగొట్టడానికి చేసిన పనిమీద ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ ఉండదని ఒక సెక్షన్, సద్భావంతో చేస్తే నేరమే కాదని దాని కిందే ఇంకో మాట. ఇవి క్రిమినల్ కేసుకు అడ్డం, రిట్‌లో రాజ్యం నుంచి పరిహారం అడగడానికి కాదు. విధి నిర్వహణలో చేసిన పనిమీద ప్రాసిక్యూషన్‌కు మామూలుగా కావాల్సిన అనుమతి విషయంలో, క్రిమినల్ కేసుల ప్రక్రియకు సంబంధించి 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 218 ఒక మంచి మార్పు తెచ్చింది. 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఏళ్ల తరబడి ఫైలు తొక్కిపట్టే పద్ధతికి ఇది కొంత విరుగుడు.

ధిక్కరణలో మాత్రం బాధ్యత ఎప్పుడూ వ్యక్తిగతమే. జైలుకు వెళ్లాల్సింది మనిషి, కుర్చీ కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు, గుంటూరు జిల్లాలో తహసీల్దారుగా ఉండగా హైకోర్టు ఉత్తర్వును కాదని గుడిసెలు తొలగించిన డిప్యూటీ కలెక్టరును తిరిగి తహసీల్దారు స్థాయికి దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అందువల్ల ఇల్లు పోతుందన్న భయం ఉన్నవారికి కూల్చాక వేసే పరిహారం దావా కన్నా, కూల్చకముందు తెచ్చుకునే స్టే అధికారిని వ్యక్తిగతంగా ఎక్కువ కట్టడి చేస్తుంది.

రికవరీ అనే తెగిన లింకు

సమాచార హక్కు చట్టంలో ఒక చిన్న నమూనా ఉంది. కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 జరిమానా. అది ఆయన సొంతం. దరఖాస్తుదారుకు నష్టం జరిగితే ఇచ్చే పరిహారం మాత్రం సంస్థది. రెండు జేబులు, రెండు లెక్కలు, ఎవరిది ఎంతో చట్టంలోనే రాసి ఉంది.

రాజ్యాంగ ఉల్లంఘనకు అలాంటి చట్టం లేదు. 1989లో సహేలీ కేసులో తొమ్మిదేళ్ల బాలుడు పోలీసు దెబ్బలకు చనిపోయాడని తేల్చి 75,000 రూపాయలు ఇప్పించినప్పుడు, ఆ సొమ్మును బాధ్యుల దగ్గర వసూలు చేసుకునే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు రాసింది. అప్పటినుంచి ఇదే మాట తీర్పుల్లో తిరుగుతోంది. వసూలు చేయాల్సింది శాఖ, విచారణ చేసేది శాఖ, చార్జ్ మెమో ఇచ్చేది శాఖ, మూసేసేదీ శాఖే. పరిహారం అందుకున్న కుటుంబానికి ఆ ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో అడిగే స్థానం చట్టంలో లేదు. పరిహారం కట్టిన ఆరు నెలల్లో బాధ్యతను తేల్చి కోర్టుకు నివేదిక ఇవ్వాలని, ఆ నివేదికను బాధితులకు అందజేయాలని ఒక నియమం చాలు, ఈ లోపం చాలావరకు పూడుతుంది. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చినా సరిపోతుంది. అప్పటిదాకా, రిట్‌లోనే రికవరీకి గడువు పెట్టమని, ఆ గడువు తీరాక నివేదిక దాఖలు చేయించమని ప్రత్యేకంగా కోరడం ఒక్కటే పిటిషనర్ల చేతిలో ఉన్న పని.